కాలువ చీలే చోట: మెడ రక్తనాళాలు, స్ట్రోక్

హోస్ట్: డాక్టర్‌గారూ, ఒక శ్రోత ప్రశ్నతో మొదలుపెడదాం. వాళ్ల నాన్నగారికి స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పడిపోయిందట. తలకి స్కాన్ తీశారు, సరే. మెడకి డాప్లర్, అంటే రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్, ఎందుకన్నారో అర్థం కాలేదంటున్నారు.

డాక్టర్: దెబ్బ తిన్నది మెదడే. కానీ అక్కడ అడ్డుపడిన రక్తపు గడ్డ ఎక్కడ బయల్దేరింది? గుండెలో పుట్టి ఉండొచ్చు, మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనిలో, కొవ్వు పూడిక మీద పుట్టి ఉండొచ్చు. కుడి చేతిని నడిపేది ఎడమ మెదడు కాబట్టి ముందు ఎడమవైపు కెరోటిడ్ మీదికి మా అనుమానం పోతుంది. దవడ కింద వేళ్లు పెడితే కొట్టుకుంటుందే, అదే. రెండువైపులా ఒకేసారి నొక్కి చూడకండి, కళ్లు తిరుగుతాయి.

హోస్ట్: (నవ్వుతూ) ఇప్పుడే చెయ్యి తీసేశాను. అది సరే, బీపీ, షుగర్ ఒళ్లంతటికీ కదా. పూడిక మెడలోనే ఎందుకు?

డాక్టర్: గుండెలో, కాళ్లలో కూడా చేరుతుంది. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకి మెడలోనూ ఉండే అవకాశం అందుకే ఎక్కువ. కాకపోతే కెరోటిడ్ రెండు పాయలయ్యే చోట ఓ తిరకాసుంది. కాలువ చీలే దగ్గర గట్టువారన నీళ్లు మందగించి సుడి తిరుగుతాయి, ఒండ్రు అక్కడే మేట వేస్తుంది. ఇదీ అంతే. రక్తం నెమ్మదించిన చోట లోపలి పొర దెబ్బతిని, కొలెస్ట్రాల్ గోడలోకి దిగుతుంది. బీపీ, పొగ, షుగర్ ఆ పొరని ఇంకా పాడుచేస్తాయి.

హోస్ట్: నాన్నగారి బీపీ ఈమధ్య నార్మలే, సిగరెట్లు కూడా మానేశారు అని రాశారు.

డాక్టర్: ఈమధ్య అంటే ఎన్నాళ్ల నుంచి? నేను ముందు అడిగేది అదే. పూడికది పాత ఖాతా. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరివాళ్ల ఆరోగ్యాన్ని దశాబ్దాలుగా గమనిస్తున్న పరిశోధకులు 1997లో ఆ ఖాతానే తిరగేశారు. 34 ఏళ్లుగా రాసిపెట్టిన బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ల లెక్కల్ని పెద్దవయసులో తీసిన మెడ స్కాన్లతో పోల్చారు. అన్నేళ్లలో కూడిన భారం ఎంత ఎక్కువైతే, నాళం ఇరుకయ్యే అవకాశమూ అంత పెరిగింది. మానేస్తే లాభం లేదని కాదు, కచ్చితంగా ఉంది. కానీ పాత మేట ఆర్నెల్లలో కరిగిపోదు.

హోస్ట్: ఇవేవీ లేని కుర్రవాళ్లకి?

డాక్టర్: అక్కడ దారి వేరు. మెడకి దెబ్బ తగిలినా, ఒక్కోసారి విసురుగా తిప్పినా లోపలి పొర చీలొచ్చు. గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లకి ఏళ్ల తర్వాత నాళం ఇరుకవ్వొచ్చు.

హోస్ట్: రిపోర్టులో నాళం 70 శాతం ఇరుకైందని చూస్తే జనం హడలిపోతారు. ఇక పూడిక తీసే ఆపరేషనేనా?

డాక్టర్: స్ట్రోక్‌కి కారణం ఆ వైపు నాళమేనా అన్నది ముందు తేలాలి. 1991లో ఉత్తర అమెరికాలో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలొచ్చాయి. ఈమధ్యే లక్షణాలు వచ్చి, 70 నుంచి 99 శాతం ఇరుకు ఉన్నవాళ్లు అందులో ఉన్నారు. మందులే వాడినవాళ్లలో రెండేళ్లలోపు 26 శాతం మందికి అదేవైపు స్ట్రోక్ వచ్చింది, ఆపరేషన్ అయినవాళ్లలో 9 శాతం. అప్పటికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు ఇంత వాడకంలో లేవనుకోండి. చేసేదైతే మాత్రం లక్షణాలు వచ్చిన రెండు వారాల్లోపు చేస్తే మేలు.

హోస్ట్: ముందుగా తెలిసే గుర్తేదైనా?

డాక్టర్: చాలామందికి ఏమీ ఉండదు. కొందరికి ఒక కంటికి తెర దించినట్టు చూపు పోయి, కొన్ని నిమిషాల్లో వచ్చేస్తుంది. వచ్చేసింది కదా అని వారం ఆగి కళ్లద్దాలు మార్పించుకోవడానికి వెళ్తారు. అసలు స్ట్రోక్ ముప్పు ఎక్కువుండేది ఆ మొదటి రెండు రోజుల్లోనే. చూపు తిరిగొచ్చినా సరే, అదేరోజు ఎమర్జెన్సీకి రావాలి.