గ్రాఫ్ పేపర్ ఉన్నది గీతలు తిన్నగా రావడానికి కాదు

నమస్తే. ఇవాళ గ్రాఫ్ పేపర్ మీద ప్లాన్ గీయడం గురించి. ఎలా గీయాలో మీకు తెలుసు, అది చెప్పను. నన్ను ఎప్పుడూ చిరాకు పెట్టే విషయం ఒకటుంది. ఎవరైనా గది ప్లాన్ చూపిస్తారు, గీతలన్నీ ముచ్చటగా, తిన్నగా ఉంటాయి. "ఒక గడి అంటే ఎంత?" అని అడుగుతాను. "అంటే... సుమారుగా వేశానండీ" అంటారు. సుమారుగా వేసేదానికి గళ్ళు ఎందుకు? తెల్లకాగితం చాలు కదా! గళ్ళ కాగితం అంటే కొలత టేపును కాగితం నిండా పరిచి పెట్టినట్టు. గడికి విలువ ఇవ్వనంతవరకు ఆ టేపు మీద అంకెలు లేవు, అంతే.

కాబట్టి గీత గీయకముందే కాగితం మూలన రాయండి: 1 గడి = ఇంత. ఇవాళంతా ఒకే గది తీసుకుందాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. కాగితం 5 మిల్లీమీటర్ల గళ్ళది. గడికి అర అడుగు, అంటే 6 అంగుళాలు. అప్పుడు గది 24 గళ్ళు, 20 గళ్ళు అవుతుంది, కాగితం మీద 12 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు. ఏ4 షీట్‌లో హాయిగా పట్టేసి, పక్కన రాసుకోవడానికి చోటు కూడా మిగులుతుంది. అడుగుకు ఒక గడి పెట్టొచ్చు కదా అంటారేమో, పెట్టొచ్చు, కానీ అప్పుడు బీరువా లోతు ఒకటిన్నర గడి అవుతుంది, ఆ సగాల దగ్గరే లెక్క తప్పుతుంది. గదిలో ఉన్న అతి చిన్న కొలత పూర్తి గళ్ళలో వచ్చేలా చూసుకుంటే సగం తలనొప్పి అక్కడే పోతుంది. 1 మిల్లీమీటరు గళ్ళ షీట్ మాత్రం గది ప్లాన్‌కి వద్దనే చెప్తాను. అది రీడింగులు ప్లాట్ చేయడానికి బాగుంటుంది. ఇక్కడ మాత్రం లెక్కపెడుతూ పెడుతూ కంటికి వరస తప్పిపోతుంది.

ఇంకొకటి. గళ్ళు లెక్కపెట్టండి, గీతలు కాదు. 24 గళ్ళకి 25 గీతలుంటాయి. మొదటి గీత మీద వేలు పెట్టి "ఒకటి" అన్నారంటే గది అర అడుగు కురచైపోతుంది. గోడ లోపలి అంచు గీత మీదికి రావాలి, గోడ మందం ఆ గీతకి బయట పడాలి. మందాన్ని లోపలికి గీసేసి, తర్వాత మంచం పట్టడం లేదని కంగారు పడేవాళ్ళు చాలామంది.

[స్క్రీన్ మీద: 24 × 20 గళ్ళ గది]

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం, బీరువా. 3 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, అంటే 6 గళ్ళు, 3 గళ్ళు. మంచం 13 గళ్ళ పొడవు, 10 గళ్ళ వెడల్పు. మంచం తలవైపు పొడవాటి గోడకి ఆనించాం. గది అడ్డం 20 గళ్ళు, అందులో మంచానికి 13 పోతే 7 మిగిలాయి. బీరువాను ఎదుటి గోడకి, సరిగ్గా మంచం కాళ్ళవైపు పెడదాం. దానికి 3 పోతే ఇంకా 4 ఉన్నాయి. పట్టింది కదా? అందరూ ఇక్కడే పెన్సిల్ పక్కన పెట్టేస్తారు.

పెట్టకండి. బీరువా తలుపులు గీయండి. రెండు తలుపులు, ఒక్కోటి 3 గళ్ళు. బందు ఉన్న చోట కాంపస్ గుచ్చి పావు వృత్తం తిప్పండి. తలుపు తెరిస్తే 3 గళ్ళు ముందుకొస్తుంది, తలుపుకీ మంచానికీ మధ్య ఒక్క గడి మిగిలింది, అంటే 6 అంగుళాలు. మీరు నిలబడేది ఎక్కడ? తలుపు తీస్తూ మంచం మీద కూర్చోవాల్సిందే. ఎవరైనా బీరువా తెరిచి ఉంటే ఇంకొకళ్ళు అటు నుంచి దాటలేరు. బొమ్మలో అన్నీ పట్టాయి, మనిషి మాత్రం పట్టలేదు. నన్నడిగితే గళ్ళ కాగితం అసలు ఉపయోగం ఇదే. సామాన్లు ఆక్రమించే చోటు టేపుతో కూడా తెలుస్తుంది. తలుపులు తిరిగే చోటు, మనిషి నిలబడే చోటు, సొరుగు బయటికి లాగే చోటు, ఇవి గీసి చూస్తేనే బయటపడతాయి.

సరే, బీరువాని పక్క గోడకి మారుద్దాం. పొడవు వైపు 24 గళ్ళు. మంచానికి ఒక పక్క దిగడానికి 4 గళ్ళు వదిలాం, మంచం 10, ఇంకో పక్క 10 మిగిలాయి. అక్కడి గోడకి బీరువా పెడితే 3 పోయి 7 గళ్ళు, అంటే మూడున్నర అడుగులు. తలుపు పూర్తిగా తెరిచినా దాని ముందు ఇంకా 4 గళ్ళు ఖాళీ. అదే గది, అదే బీరువా! ప్రతిసారీ చెరిపి గీయక్కర్లేదు, ఇంకో గళ్ళ కాగితంలోంచి 6 × 3 ముక్క కత్తిరించి, జరుపుతూ చూడండి. తలుపులు తిరిగే చోటుతో సహా కత్తిరిస్తే ఇంకా మంచిది.

ఇక నాకు ఒళ్ళు మండే తప్పు, ఐమూలగా గళ్ళు లెక్కపెట్టడం. మూల నుంచి మూలకి 5 గళ్ళు దాటితే అది 5 గళ్ళ దూరం కాదండీ, 7 పైచిలుకు. గడి భుజం 1 అయితే కర్ణం 1.414. ఇదెందుకు ముఖ్యమంటే, బీరువాని గదిలోకి తెచ్చాక తిప్పాలి కదా. 6 × 3 బీరువాకి ఐమూల కొలత ఎంత? లెక్క చేయక్కర్లేదు. ఒక కాగితం ముక్క అంచుని ఐమూలగా ఆనించి రెండు గుర్తులు పెట్టండి, ఆ అంచుని గీత వెంబడి తిన్నగా పెట్టి గళ్ళు లెక్కపెట్టండి. 6.7 వస్తుంది. నిలబెట్టిన బీరువా ఉన్నచోటే తిరగడానికి కావాల్సిన చోటు అంత. మంచం కాళ్ళవైపు మనకున్నది 7 గళ్ళు. తిరుగుతుంది, కానీ గోడకి, మంచానికి మధ్య మొత్తం కలిపి రెండంగుళాలు కూడా మిగలదు. ముందే మంచం జరపాలని ఇక్కడ కాగితం మీదే తెలిసింది, బీరువా మోసేవాళ్ళు గదిలో నిలబడ్డాక కాదు.

యాప్‌లు ఉన్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి, నేనూ వాడతాను, ఫైనల్ డ్రాయింగ్‌కి అవే కావాలి. కానీ మొదటి ఆలోచనకి మాత్రం కాగితమే అంటాను. స్క్రీన్ మీద జూమ్ చేసినప్పుడల్లా గది పెద్దదైపోయినట్టుంటుంది, ఏది ఇరుకో కంటికి అందదు. కాగితం మీద గడి ఎప్పుడూ అంతే ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. గది కొలిచేటప్పుడు రెండు ఐమూలలూ కొలవండి. మన గదికి రెండూ దాదాపు 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. తేడా వచ్చిందంటే మూలలు లంబకోణంలో లేవు, గళ్ళ మీద మీరు గీసిన చక్కటి దీర్ఘచతురస్రం ఆ గది కాదు.

బొమ్మ పెద్దది చేయడానికి కూడా గళ్ళే. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు నిలబడ్డ మనిషిని అరికాలి నుంచి నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే చోటి వరకు 18 గళ్ళలో వేసేవాళ్ళు. చిన్న బొమ్మ మీద గళ్ళు గీసి, పెద్దది వేసే చోట అన్నే పెద్ద గళ్ళు గీయండి. గీత ఏ గడి అంచుని ఎక్కడ కోస్తోందో చూసి పెద్ద గడిలో అక్కడే కోయించాలి, అంతే. 1 సెంటీమీటరు గడిని 10 సెంటీమీటర్లు చేస్తే మాత్రం వైశాల్యం 100 రెట్లు. రంగు ఎంత కొనాలో లెక్కేసేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

ఐసోమెట్రిక్ షీట్, అదే 30 డిగ్రీల గీతలది, వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే బొమ్మలో కనిపించేలా గీయడానికి. ఈ పద్ధతిని కేంబ్రిడ్జి ప్రొఫెసర్ విలియం ఫారిష్ 1822లో వివరించాడు. అందులో మూడు గీతల దిశల్లోనే కొలత నమ్మండి, మిగతా దిశల్లో వద్దు. క్రాస్ స్టిచ్ చేసేవాళ్ళకి 14 కౌంట్ గుడ్డ, అంటే అంగుళానికి 14 గళ్ళుండే గుడ్డ మీద 70 గళ్ళ డిజైన్ 5 అంగుళాలు వస్తుంది. ఊలు అల్లేవాళ్ళు మాత్రం చదరపు గళ్ళు వాడకండి. అల్లికలో కుట్టు ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ, గుండ్రంగా గీసింది అణిగిపోయి వస్తుంది.

షీట్ ఇంట్లో ప్రింట్ తీసుకునేవాళ్ళు "ఫిట్ టు పేజ్" తీసేసి 100 శాతం పెట్టండి. ప్రింట్ రాగానే 20 గళ్ళు స్కేలుతో కొలవండి, సరిగ్గా 10 సెంటీమీటర్లు ఉండాలి. లేకపోయినా గళ్ళు లెక్కపెడుతున్నంతసేపు పర్లేదు, స్కేలు పెట్టి కొలిచారంటే మాత్రం ప్రతి కొలతా తప్పే. 5 మిల్లీమీటర్ల షీట్ కింద పెడుతున్నాను, గీతలు లేత నీలంలో ఉన్నాయి, పెన్సిల్ గీతకి అడ్డు రావు.