మైలుతుత్తంలో రాగి, దాన్ని పట్టుకున్న నీరు

శ్రోతలకు నమస్కారం. బత్తాయి, నిమ్మ తోటల రైతులకు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, తెలియనిది కాదు. ఆ నీలం రాళ్లను గాజు గొట్టంలో వేసి గట్టిగా కాచితే నీలం పోయి తెల్లపొడి మిగులుతుంది. దానిమీద ఒక్క నీటిచుక్క పడనివ్వండి, మళ్లీ నీలం! అంటే ఆ రంగు రాగి ఒక్కదానిదే కాదు, దాన్ని చుట్టుకున్న నీటిది కూడా. వంద గ్రాముల మైలుతుత్తంలో 36 గ్రాములు నీరే.

మైలుతుత్తం కరిగినప్పుడు రాగి ధన అయాన్‌గా, అంటే ధనావేశం ఉన్న కణంగా ఉంటుంది. ఎలక్ట్రాన్లు రెండు తక్కువ. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం ఉంటుంది కాబట్టి ఆ వైపే రాగికి తిరుగుతుంది. నాలుగు అణువులు దగ్గరగా, ఇంకో రెండు కొంచెం ఎడంగా చేరతాయి. రాగి వాటిని ఎంత బలంగా లాగుతుందంటే, వాటి హైడ్రోజన్ పట్టు సడలి పక్క నీటికి జారిపోతుంది. అందుకే ఆ ద్రావణంలో నీలి లిట్మస్ కాగితం ఎర్రబడుతుంది, అంటే అది ఆమ్లం. ఆ ఆమ్లం, నీటిలో కరిగి ఉన్న ఆ విడి రాగి కలిసి ఆకును మాడుస్తాయి. మైలుతుత్తం నీళ్లు ఒట్టిగా కొట్టకూడదు, ఎప్పుడూ కొట్టకూడదు.

దీనికి విరుగుడు సున్నం. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే తెగుళ్ల మందు బోర్డో మిశ్రమంలో జరిగేది అదే. కిలో మైలుతుత్తాన్ని గుడ్డలో మూటకట్టి, 50 లీటర్ల నీటిలో పైభాగాన వేలాడదీయండి. కరిగిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంటుంది, పైన కరగడం ఆగదు. వేరే తొట్టిలో కిలో పొడిసున్నం 50 లీటర్లలో కలిపి వడకట్టండి. మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోయాలి, కలుపుతూ పోయాలి. తిరగేసి పోస్తే రేణువులు ముతకబడి అడుగున చేరతాయి, నాజిల్ మూసుకుపోతుంది. సున్నం తగిలితే రాగి చుట్టూ ఉన్న నీరు హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, ఆవేశం తీరిపోతుంది, రాగి సన్నని నీలి ముద్దగా విడిపోయి ఆకుకు అంటుకుంటుంది.

ఇనప బకెట్ మాత్రం వద్దు. రాగి అయాన్ ఇనుము నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని లోహంగా పేరుకుంటుంది, బకెట్ కరుగుతుంది. ప్లాస్టిక్‌దో మట్టిదో వాడండి.

లెక్క ప్రకారం మేలైన సున్నం దాదాపు 300 గ్రాములే సరిపోతుంది. కానీ నిల్వ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి సుద్దలా మారి బలం తగ్గుతుంది. అందుకే కిలో చెప్పేది. అయినా నమ్మకం కోసం ఒక పరీక్ష, ఇదొక్కటి తప్పక చేయండి. గరుకు కాగితంతో మెరిసేలా రుద్దిన ఇనప మేకును మిశ్రమంలో ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రటి పొర పట్టిందా? విడి రాగి ఇంకా ఉంది, కాస్త సున్నపు నీళ్లు కలిపి మళ్లీ ముంచండి. పొర పట్టనప్పుడే స్ప్రేయర్‌లో పోయండి. కలిపిన రోజే కొట్టేయండి, మర్నాటికి రేణువులు గడ్డకట్టి ఆకుకు అంటవు.