చదివే పని ఒక్కటే చేసే పలక

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కునే వేళ, అది మానుకుని ఈ గ్రంథాలయానికి వచ్చారు. చాలా సంతోషం.

పోయిన నెల మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఫోన్‌లో ఒక నవల తెరిచాను. ఎల్బీనగర్ దాకా వెళ్లాలి, సీటు కూడా దొరికింది. దిగేసరికి చదివింది నాలుగు పేజీలు. మధ్యలో కరెంటు బిల్లు కట్టాను, చుట్టాల గ్రూపులో పెళ్లి ఫొటోలు చూశాను. చదువుతున్న వాక్యం మీదే మెసేజ్ వచ్చి పడుతుంటే కథలో ఎవరుంటారండీ?

అందుకే ఈ-రీడర్, అంటే ఈ-పుస్తకాలు చదవడానికే చేసిన పలక. దీని తెరలో వెంట్రుక మందాన సన్నటి బుడగలుంటాయి. వాటిలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. కరెంటు తగలగానే ఒక రంగువి పైకి తేలతాయి, ఇక అక్కడే నిలిచిపోతాయి. పేజీ తిప్పినప్పుడు తప్ప ఆ అక్షరాలకు కరెంటు అక్కర్లేదు. లైటు కూడా వెనక నుంచి కళ్లలోకి కొట్టదు, అంచుల నుంచి పేజీ మీద పడుతుంది. ఎండలో, డాబా మీద కూర్చుని కూడా హాయిగా చదువుకోవచ్చు.

ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-రీడర్లూ ఉన్నాయి. ఏ యాప్ అయినా వేసుకోవచ్చని దుకాణంలో ఊరిస్తారు. ప్రశాంతంగా చదువుకోవాలనుకునేవాళ్లకు నేనైతే వద్దంటాను. ఇవాళ పుస్తకాల యాప్ వేస్తాం, వారం తిరక్కుండా వాట్సాప్ కూడా వచ్చి చేరుతుంది.

మన భాష దగ్గరికి వద్దాం. అసలు చిక్కంతా ఇక్కడే. నేను మొదట కొన్నదాంట్లో ఒక తెలుగు ఈపబ్, అంటే ఈ-పుస్తకం ఫైలు, వేశాను. 'శాస్త్రి' అన్న మాటలో తావత్తు, రావత్తు కింద చేరాల్సింది పోయి పక్కన విడివిడిగా నిలబడ్డాయి. ప్రతి వాక్యంలోనూ అదే వరస. పది పేజీలకే మూసేశాను. ఇంగ్లిష్ పుస్తకం చూసి మురిసిపోయి కొన్నందుకు పడ్డ శిక్ష అది. మీరు మాత్రం డబ్బు కట్టేముందు ఒక తెలుగు ఫైలు అందులో వేయించి చూడండి. 'లక్ష్మి', 'స్వాతంత్ర్యం' లాంటి మాటలు కుదురుగా వస్తే చాలు.

స్కాన్ చేసిన పాత పుస్తకాలకు ఫాంటు గొడవ లేదు, అవి బొమ్మలే. వాటికి సైజు ముఖ్యం. డెమ్మీ సైజు, అంటే మామూలు నవల సైజు, పేజీ ఆరంగుళాల తెర మీద సగానికి దగ్గరగా కుదించుకుపోతుంది. గుణింతాలు, వత్తులు కలిసిపోయి చీమల బారులా కనిపిస్తాయి. అదే 7.8 అంగుళాల తెరైతే, అంచుల్లో ఖాళీ కత్తిరించేస్తే దాదాపు అచ్చులో ఉన్నంత అక్షరమే వస్తుంది. ఆ కత్తిరింపుకు కోరీడర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కోబో, పాకెట్‌బుక్ కంపెనీల ఈ-రీడర్లలో వేసుకోవచ్చు. అమెజాన్ వాళ్ల ఈ-రీడర్ కిండిల్‌లో వేయాలంటే మాత్రం దాని సాఫ్ట్‌వేర్ తాళం బద్దలుకొట్టాలి, అది అందరివల్లా అయ్యే పని కాదు.

కిండిల్‌తో నాకున్న ఇంకో బెంగ: అక్కడ కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలును అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తీసేసింది. పుస్తకం నా అలమరాలో ఉండాలని కోరుకునే మనిషిని నేను.

ఈ బల్ల మీద రెండు పెట్టాను, ఆరంగుళాలది ఒకటి, 7.8 అంగుళాలది ఒకటి. రెండింట్లోనూ ఒకే పాత పుస్తకం, ఒకే పేజీ తెరిచి ఉంది. పెద్దవాళ్లు ముందు రండి. కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివి చూడండి.