పబ్లిక్ టాక్‌లో పబ్లిక్ ఎంత?

[టైటిల్ కార్డు. వెనక సప్తగిరి సర్కిల్ ట్రాఫిక్ చప్పుడు]

నమస్తే అండి. ఈ వీడియో కొంచెం చిరాకుతో చేస్తున్నా, ముందే చెప్తున్నా.

టీవీ డిబేట్లలో మాటలతో మంట పెట్టే రాజకీయ వ్యాఖ్యాత ఎవరైనా ఒక పుస్తకం రాశాడనుకోండి. వారం తిరక్కుండానే మన అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో ఒక మైకు ప్రత్యక్షమవుతుంది. "పబ్లిక్ టాక్" అని థంబ్‌నెయిల్, దాని కింద ఎర్ర అక్షరాల్లో "జనం తేల్చేశారు". ఏం తేల్చారు? అట్లాంటి ఒక వీడియోలో యాంకర్ "పుస్తకం ఎట్లుందన్నా?" అంటే, ఆ అన్న రెండు నిమిషాలు ఉతికి ఆరేశాడు. చివర్లో యాంకర్‌కు ఏం అనుమానం వచ్చిందో, "చదివినావా న్నా?" అన్నాడు.

"యాడ చదివేదప్పా, వాని వీడియో చూసినా గదా, చాలదా?"

ఆ అన్నను నేనేమీ అనను. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు పాపం. నా గొడవంతా ఆ థంబ్‌నెయిల్‌తోనే.

[మార్కెట్ యార్డు షాట్లు]

ఆదోని మార్కెట్ యార్డులో వేరుశనగ కొనే వ్యాపారిని గమనించారా? మూట మూతి విప్పుతాడు. పైనున్న కాయలు ఎంత నిగనిగలాడినా వాటిని చూసి ధర చెప్పడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపల్నుంచి గుప్పెడు తీస్తాడు. నాలుగు కాయలు టప్‌మని ఒలిచి, పప్పు నిండుగా ఉందా, ముడుచుకుపోయిందా, తాలు ఎంత అని చూస్తాడు. ఆ గుప్పెడుతో మూట సంగతి తెలిసిపోతుంది. ఎందుకు? ఏ కాయ చేతికి రావాలో కాయలు నిర్ణయించుకోలేదు కాబట్టి.

కామెంట్ల సంగతి చూడండి. రాసేవాళ్లు ఎవరు? ఆ వ్యాఖ్యాతంటే ప్రాణమిచ్చేవాళ్లు, లేదా పేరు వింటేనే ఒళ్లు మండేవాళ్లు. వీళ్లంతా తమంతట తాము మూట పైకి ఎక్కి కూర్చున్న కాయలు. పదివేల కామెంట్లు ఉన్నాయి కదా అంటారు. పైకాయలు పదివేలు ఏరినా అవి పైకాయలే.

దీనికి పెద్ద రుజువు 1936లో అమెరికాలో దొరికింది. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల ముందు, ఎవరికి ఓటేస్తారని అడుగుతూ దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 ఊడ్చేశాడు! పేర్లు ఎక్కడి నుంచి తీసుకున్నారంటే టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరికుంటాయి? దానికి తోడు, రూజ్‌వెల్ట్ మీద గుర్రుగా ఉన్నవాళ్లే ఎక్కువ శ్రద్ధగా కార్డు తిప్పి పంపారు. అదే ఎన్నికలో సర్వేలు చేసే జార్జ్ గాలప్ అంతకంటే చాలా తక్కువమందిని అడిగి విజేతను సరిగ్గా చెప్పాడు. ఆయన చెయ్యి లోపలికి దూర్చాడు. ఆ పత్రిక 1938లో మూతపడింది.

సరే, రెండో చిక్కు. అసలు మనం దేని మీద అభిప్రాయం అడుగుతున్నాం? మనిషి మీదా, ఆయన అన్న ఒక్క మాట మీదా, 300 పేజీల పుస్తకం మీదా? అన్నీ ఒకే మూటలో పోసి తూకం వేస్తున్నాం.

మన దగ్గరిదే ఉదాహరణ. కంచ ఐలయ్య ఇంగ్లీషు పుస్తకం 2009లో వచ్చింది. అందులో ఒక అధ్యాయాన్ని 2017లో చిన్న తెలుగు పుస్తకంగా వేశారు, అట్ట మీద ఒక కులం పేరు పెట్టి. ఆ తర్వాత ధర్నాలు, దిష్టిబొమ్మలు, కేసులు, టీవీల్లో రోజూ అదే. నిషేధించాలని సుప్రీంకోర్టుకు వెళ్తే అక్టోబరులో కోర్టు ఒప్పుకోలేదు. ఇక్కడ తమాషా చూడండి. ఆ అధ్యాయం అప్పటికే ఎనిమిదేళ్లుగా అచ్చులో ఉంది. గొడవ అట్టతో మొదలైంది. ఆ అట్ట చూసి మనసు కష్టపెట్టుకున్నవాళ్ల బాధను నేను ఎగతాళి చెయ్యను, ఆ శీర్షిక నాకూ నచ్చలేదు. కానీ ఆ రోజు బజార్లో వినిపించింది శీర్షిక మీద అభిప్రాయం. లోపలి పేజీల మీద జనం ఏమనుకున్నారో ఎవరూ అడగనే లేదు. చదివి తిట్టినవాళ్లు, చదివి మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. మైకు వాళ్ల దాకా పోలేదు, అంతే.

[తెర మీద: అమ్మకాలు = అభిప్రాయమా?]

"అంత అమ్ముడైంది కదా, జనానికి నచ్చినట్టే కదా" అంటారు. కొంచెం ఆగండి. 2003లో అమెరికాలోని రైట్ వింగ్ టీవీ ఛానల్ ఫాక్స్ న్యూస్‌ను ఎగతాళి చేస్తూ ఆల్ ఫ్రాంకెన్ అనే కమెడియన్ పుస్తకం రాశాడు. అట్ట మీద తమ నినాదం వాడుకున్నాడని ఫాక్స్ దావా వేసింది. పుస్తకాన్ని ఆపడానికి జడ్జి ఒప్పుకోలేదు, ఫాక్స్ దావా వెనక్కి తీసుకుంది. ప్రచురణకర్త అనుకున్న తేదీ కంటే ముందే విడుదల చేశాడు, పుస్తకం అమెజాన్‌లో మొదటి స్థానానికి ఎగబాకింది. ఫాక్స్ డబ్బులతో ఫ్రాంకెన్‌కు పబ్లిసిటీ!

అవతలి పక్షంలోనూ ఇదే తంతు. 2017లో మైలో యానోపౌలస్ అనే రైట్ వింగ్ వ్యాఖ్యాత పుస్తకాన్ని పెద్ద ప్రచురణ సంస్థ రద్దు చేసుకుంటే, సొంతంగా వేసుకున్నాడు. లక్ష కాపీలు అమ్ముడుపోయాయని ప్రచారం. అమెరికాలో పుస్తకాల అమ్మకాలు లెక్కగట్టే నీల్సన్ బుక్‌స్కాన్ లెక్కకు అందినవి 18,268. మిగతావి టోకు ఆర్డర్లని ఆయన వాదన. టోకు అంటే గుర్తొచ్చింది, న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ల జాబితాలో కొన్ని పుస్తకాల పక్కన చిన్న బాకు గుర్తు ఉంటుంది, మూటలు మూటలుగా కొన్న ఆర్డర్లు ఉన్నాయని దానర్థం. 2019లో ట్రంప్ జూనియర్ పుస్తకానికి ఆ గుర్తు పడింది. వాళ్ల నాన్న పార్టీ, రిపబ్లికన్ పార్టీ జాతీయ కమిటీయే దాదాపు లక్ష డాలర్లకు కొన్నది. ఆ కాపీలన్నీ ఎవరైనా తెరిచారా, దేవుడికెరుక.

మరి ఎట్లా అడగాలి? టైం అయిపోవస్తోంది, గబగబా చెప్తా. ముందు "ఈయన పేరు విన్నారా?" అనాలి. తర్వాత "పుస్తకం చదివారా, ఎంతవరకు?" నచ్చిందా లేదా అన్నది ఆ తర్వాతే. మొదటి ప్రశ్నకు "ఎవరాయన?" అనే జవాబు కూడా వస్తుంది. అది కూడా ప్రజాభిప్రాయమే, మూట మధ్యలో ఉండే కాయ అది. పబ్లిక్ టాక్ ఎడిటింగ్‌లో మొదట ఎగిరిపోయేది కూడా అదే, ఎందుకంటే దానికి వ్యూస్ రావు.

"ఇంతమందికి కోపం వస్తే బ్యాన్ చెయ్యరా?" అని ఎప్పుడూ అడుగుతుంటారు. ఒక్క ముక్కలో చెప్తా. పుస్తకాన్ని ప్రభుత్వం జప్తు చెయ్యాలంటే ఇప్పుడు క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం, నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షన్ ఉంది, దానికి ముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలో 95. ఏ కారణంతో చేస్తున్నారో ఉత్తర్వులో రాయాలి. రెండు నెలల్లోపు హైకోర్టుకు వెళ్లొచ్చు, ముగ్గురు జడ్జీలు వింటారు. ఎన్ని కామెంట్లు వచ్చాయన్నది ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. దీని మీద వేరే వీడియో చెయ్యాలి, ఇందులో పట్టదు.

కింద కామెంట్ పెట్టేవాళ్లకు ఒక్క మనవి. ఏ వ్యాఖ్యాతను తిట్టినా, పొగిడినా మీ ఇష్టం, మొదటి లైన్‌లో మాత్రం "చదివాను", "సగం చదివాను", "క్లిప్ చూశాను" అని ఏదో ఒకటి రాయండి. "ఎవరాయన?" అని రాసినవాళ్ల కామెంట్ పిన్ చేస్తా.