పడుకునే ముందు మూడు వాక్యాలు

సభకు నమస్కారం.

రోజూ కాసేపు కృతజ్ఞతతో గడిపితే మనసు కుదుటపడుతుందన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. ఆ మాటలో నిజముంది. అయితే ఆ ఫలితం, జరిగిన మేలును మనం ఎంత వివరంగా, ఎవరి వల్ల జరిగిందో ఎంత స్పష్టంగా తలచుకుంటామన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా నమ్మకం.

పొద్దుటి నుంచి పనులన్నీ సవ్యంగా సాగినా, ఎవరో విసురుగా అన్న ఒక్క మాట చాలు, పక్క మీద వాలాక తలలో తిరిగేది అదే. మంచి కన్నా చెడు మనసు మీద బలంగా పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బౌమైస్టర్ బృందం 2001లో ఎన్నో పరిశోధనలను సమీక్షించి చూపింది. దీనికి తోడు, అలవాటైన సౌఖ్యం కంటికి ఆనదు. అందువల్ల మంచిని గమనించడం దానంతట అది జరిగేది కాదు, పూనుకుని చేయాల్సిన పని.

2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లౌ ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులను మూడు బృందాలుగా చేసి, పది వారాల పాటు ఒక బృందం చేత తాము కృతజ్ఞులమై ఉన్న విషయాలను, మరో బృందం చేత చికాకులను, ఇంకో బృందం చేత మామూలు సంఘటనలను రాయించారు. మొదటి బృందం వారు తమ జీవితం పట్ల మిగతావారి కన్నా ఎక్కువ తృప్తిని తెలిపారు. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ఈ పద్ధతికి ఒక కీలకమైన మెలిక చేర్చింది: వారం రోజులు, ప్రతి రాత్రీ ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు రాయడంతో పాటు, అవి ఎందుకు జరిగాయో కూడా రాయాలి. ఆ మేలు ఆరు నెలల తరువాత కూడా కనిపించింది.

ఆ 'ఎందుకు' అన్న ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం. 'నా కుటుంబానికి కృతజ్ఞతలు' అని రాస్తే నాలుగు రోజుల్లో అది మొక్కుబడి అయిపోతుంది. 'జ్వరంతో పడుకుని ఉంటే, అడగకుండానే అక్క మంచం పక్కన మంచినీళ్లు పెట్టి, దీపం ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లింది' అని రాసి చూడండి. ఎందుకు చేసిందని అడిగితే, తను అలసిపోయి వచ్చినా నన్ను గమనించింది గనుక అన్న జవాబు వస్తుంది. అక్కడితో ఆలోచన నీళ్ల మీద నుంచి మనిషి మీదికి మళ్లుతుంది. ఒకరు మనల్ని పట్టించుకున్నారన్న ఎరుకతో కళ్లు మూసుకున్నవారికి, ఆ విసురు మాటను నెమరువేసే వ్యవధి తగ్గుతుంది.

రోజూ రాయాలా అంటే, నాకు అంత పట్టింపు లేదు. సోన్యా లుబోమిర్స్కీ బృందం చేసిన ఒక ప్రయోగంలో వారానికి మూడుసార్లు రాసినవారి కన్నా ఒక్కసారి రాసినవారికే మేలు కనిపించింది. రోజూ కూర్చోండి, కొత్తగా తోచినప్పుడే రాయండి.

దీని హద్దులు కూడా చెప్పాలి. కుంగుబాటు, ఆందోళన లక్షణాల మీద ఈ సాధనల ప్రభావం స్వల్పమేనని 2021లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష తేల్చింది, కాబట్టి చికిత్స అవసరమైనవారికి ఇది చికిత్స కాదు. అన్యాయం జరిగినవారి దగ్గరకు వెళ్లి 'ఉన్నదానికి సంతోషించు' అనడం అంతకన్నా పెద్ద తప్పు. కృతజ్ఞత ఒకరు మరొకరికి విధించేది కాదు, ఫిర్యాదు నోరు నొక్కడానికి వాడేది అసలే కాదు. మనం రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీలో కోపం, మరో పేజీలో మేలు ఉండవచ్చు.

రాసుకున్నది ఆ మనిషికే చెబితే ఇంకా మంచిది. చాలామంది బిడియంతో ఆగిపోతారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో కృతజ్ఞతాలేఖలు రాసినవారు, అందుకున్నవారి సంతోషాన్ని తక్కువగా, ఇబ్బందిని ఎక్కువగా అంచనా వేశారు. మాటలు సరిగ్గా కుదిరాయా అన్న దిగులు రాసినవారిదే, చదివినవారు చూసింది అందులోని ఆప్యాయతను.

ఇక మీ ప్రశ్నలు వింటాను.