ఒకే ఇంట్లో ముగ్గురు మంచం పట్టిన వారం

అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం.

నాట్ల పని వదులుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాం. జబ్బులు ఒక్కొక్కటిగా వస్తే మన ఇళ్లు ఎలాగోలా నెట్టుకొస్తాయి. ఒకే వారంలో ముగ్గురు పడితేనే లెక్క తప్పుతుంది. ఒకరి హడావుడిలో ఇంకొకరి తిండి తప్పుతుంది, ఒకరికి వేసిన మందే ఇంకోసారి పడుతుంది. ఈ పూట చెప్పేదంతా దాని గురించే.

ఒక ఇల్లు అనుకుందాం. రెండెకరాల వరి. షుగరున్న అత్తమ్మ, కొడుకు, కోడలు, రెండేళ్ల బాబు. ఇంట్లో మంచాలు రెండు, దోమతెర ఒకటి. ఈ మంచాల సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

సోమవారం బాబుకు నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. ఆశమ్మ దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంటుంది. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గ్లాసు నీళ్లలో పావు ప్యాకెట్ వేసి, మిగతాది మడిచి గూట్లో పెడతారు. కొలత తప్పి ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం, తక్కువైతే పని చేయదు. లీటరు వాటర్ బాటిల్ ఉంటే అదే కొలత. కాచి చల్లార్చిన నీళ్లు పోసి కలపండి, 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంలా నింపకూడదు.

రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైన పిల్లలకు 100 నుంచి 200. గ్లాసుతో గడగడా తాగిస్తే కక్కేస్తాడు. కక్కితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింక్ బిళ్ళ 20 మిల్లీగ్రాములు, రోజుకొకటి, 14 రోజులు. మూడో రోజుకే విరేచనాలు కట్టాయని ఆపేస్తారు, ఆపకండి. చనుపాలు, పప్పన్నం, అరటిపండు మానిపించొద్దు. బిడ్డ కళ్లు లోపలికి పోయినా, తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఉంచుకోకూడదు.

"సెలైన్ ఎక్కిస్తేనే బలం" అనే మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ నిల్వలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. నూటికి ముప్పైమంది దాకా పోయేచోట చావులు నాలుగు లోపుకు దిగాయి. ఇక షాపుల్లో రంగు డబ్బాల్లో అమ్మే తీపి నీళ్లు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడిన మీదట, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి డబ్బాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా ఉండొచ్చు, లేబుల్ చూసి కొనండి.

బుధవారం కొడుకుకు ఒళ్లు కాలిపోయే జ్వరం, కంటి వెనక నొప్పి. అదే రాత్రి బాబుకూ జ్వరం. తండ్రికి పారాసెటమాల్ 500 లేదా 650 బిళ్ళ, ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. జలుబు బిళ్ళల్లో చాలావాటిలో కూడా పారాసెటమాల్ ఉంటుంది. రెండూ కలిపి మింగితే లివర్ మీద దెబ్బ.

బాబు సిరప్ దగ్గర కాసేపు ఆగుదాం. పది కిలోల బిడ్డకు పారాసెటమాల్ ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. సిరప్ సీసాలు రెండు బలాల్లో వస్తాయి. ఐదు మిల్లీలీటర్లలో 125 ఉన్నదైతే 6 మిల్లీలీటర్లు పోయాలి, 250 ఉన్నదైతే 3 మాత్రమే. ఒక మిల్లీలీటరులో 100 ఉండే చుక్కల మందైతే ఒకటిన్నర. మొన్నటి సీసా అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు, పాత కొలతే పోస్తే రెట్టింపు పడొచ్చు. అట్టపెట్టె పారేయకుండా దాని మీదే పెన్నుతో ఇన్ని మిల్లీలీటర్లని రాయండి. వంటింటి చెంచాలు ఒక్కొక్కటీ ఒక్కో సైజు, సీసాతో వచ్చిన మూతతోనే కొలవాలి.

జ్వరానికి డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. సూది వేసిన గంటకు చెమట పట్టి తేలికపడితే మందు పనిచేసిందనుకుంటాం. డెంగీలో జ్వరం దిగే మూడో రోజు నుంచి ఏడో రోజు దాకానే అసలు గండం. ఆగని కడుపునొప్పి, మాటిమాటికీ వాంతి, చిగుళ్ల నుంచి రక్తం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మత్తు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పాడేరు, భద్రాచలం వైపు ఏజెన్సీలో అయితే మలేరియా పరీక్ష కూడా అదే రోజు చేయించండి.

శుక్రవారం కోడలు భర్తను తీసుకుని పెద్దాసుపత్రి లైనులో ఉంది. ఇంట్లో అత్తమ్మ పొద్దున్నే అలవాటు ప్రకారం షుగర్ బిళ్ళ వేసుకుంది. వండేవాళ్లు లేరు, టీతో సరిపెట్టింది. పదకొండింటికి చెమటలు, చేతుల వణుకు, పొంతన లేని మాటలు. చూసినవాళ్లు ఎండదెబ్బ అన్నారు, గాలి సోకిందన్నారు. అది షుగర్ పడిపోవడం. మిషన్‌లో 70 కంటే తక్కువ చూపిస్తుంది, మిషన్ లేకపోతే అనుమానం చాలు. మింగగలిగితే గ్లాసు నీళ్లలో మూడు టీస్పూన్ల పంచదార కలిపి తాగించండి. పావుగంటకు తేరుకోకపోతే మళ్లీ అంతే. తేరుకోగానే అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి బిళ్ళలు తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతూనే ఉంటాయి. ముసలివాళ్లలో, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో ఆ పని రోజంతా సాగుతుంది. అందుకే మధ్యాహ్నానికి మామూలైనా ఆసుపత్రిలో చూపించి తీరాలి, రాత్రికి మళ్లీ పడొచ్చు. తినలేని పూట ఈ బిళ్ళ వేయొద్దు. వాంతులు, విరేచనాలు ఉన్న రోజు మెట్‌ఫార్మిన్, బీపీ బిళ్ళల గురించి డాక్టరును అడగండి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు, ఎంత తగ్గించాలో అడిగే తగ్గించాలి. సిరంజి కూడా చూసుకోండి. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లుండే ఇన్సులిన్ సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 ఉండేదానికి నారింజ మూతది. 100 మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 50 యూనిట్లు.

ఇప్పుడు మంచాల సంగతి. జ్వరమని కొడుకుకు ఒక మంచం, దోమతెర ఇచ్చారు. అత్తమ్మకు రెండోది. అలిసిపోయిన కోడలు బాబును పక్కన వేసుకుని నేల మీద చాప పరిచింది. కట్లపాము రాత్రిపూట తిరిగేది నేల మీదే. దాని కోరలు సన్నం, కాటు గుర్తు కనబడకపోవచ్చు, వాపు ఉండదు, నొప్పీ పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగుడు పడకపోవడం వస్తాయి. గ్యాస్ నొప్పని సోడా తాగిస్తారు. నేల మీద పడుకున్న మనిషికి ఈ మూడూ కలిసి వస్తే పాము కాటే అనుకుని కదలండి.

తాడు కట్టొద్దు, కోయొద్దు, పసరు వద్దు. మెట్టెలు, కడియాలు, గాజులు తీసేయండి. నడిపించకుండా మోయండి. బైక్ మీదైతే ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకోండి. పామును చంపి తేవాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ మన దేశంలో విరుగుడు మందు ఒకటే. మొదటి విడతలోనే ఎనిమిది నుంచి పది సీసాలు పడుతుంది, చిన్నపిల్లలకూ అంతే. బయలుదేరుతూనే ఫోన్ చేసి విరుగుడు ఉందా, శ్వాస ఆగితే వెంటిలేటర్ ఉందా అని అడగండి.

ఆ వారం మంచాలు తక్కువైతే పక్కింటి మంచం అడిగి తెచ్చుకోండి, అందులో సిగ్గు లేదు. తెర అంచులు పరుపు కిందికి దోపండి.

కోడలు ఆసుపత్రికి పోతే ఇల్లు ఎవరి చేతిలో ఉంటుంది? పక్కింటి పిన్ని చేతిలో. ఆమెకు ఏమీ తెలియదు. అందుకే సోమవారం నాడే క్యాలెండర్ వెనక అట్ట మీద గీతలు గీసి, తలుపు పక్కన వేలాడదీయండి. ఒక్కొక్కరికీ ఒక వరుస. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు వేశారు, తిన్నారా, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు. కింద ఆశమ్మ నంబరు, ఆటో నంబరు, 108. ఆరోగ్యశ్రీ, ఆధార్ కార్డులు కవర్లో పెట్టి అదే మేకుకు తగిలించండి.