ఇంకుడు గుంత కట్టేశాక ఎవరిది?

అందరికీ నమస్కారం. ఇంకుడు గుంత ఎందుకు తవ్వాలో ఇవాళ నేను చెప్పను. 2002లో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం) వచ్చినప్పటి నుంచీ హైదరాబాద్‌లో అది అందరూ వింటున్న మాటే. బిల్డర్ తవ్వించి, ఫ్లాట్లు అప్పగించి వెళ్లిపోయాక దాన్ని చూసుకునేదెవరు? లిఫ్టుకు ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం, ఉంది, జనరేటర్‌కూ ఉంది. మన మెయింటెనెన్స్ లెక్కల్లో గుంత పేరు ఎప్పుడైనా చూశారా?

డాబా మీద పేరుకున్న దుమ్ము, ఆకులు తొలి వానకే పైపులోంచి దిగిపోతాయి. ఆకుల్ని జాలీ ఆపుతుంది. సన్నటి ఒండ్రు మాత్రం గుంతలోని ఇసుకలో చేరి పైపొరను మూసేస్తుంది. అడుగున కంకర శుభ్రంగానే ఉంటుంది గానీ నీళ్లు అక్కడిదాకా వెళ్లవు, పొంగి సెల్లార్లోకి వస్తాయి. అప్పుడు గుంతే దండగ అంటారు. దాని మీద టైల్స్ పరిచేసినవాళ్లనూ చూశాను, పార్కింగ్ కలిసొచ్చిందట!

వాన వెలిసిన మర్నాడు మూత తీసి చూడండి. నీళ్లు ఇంకా నిలిచి ఉంటే గుంత పూడిందనే అనుకోవాలి. మే నెలలోనే పై ఇసుక తీయించి కడిగించండి, లేదా మార్పించండి. గుంతకు ముందుండే సిల్ట్ చాంబర్‌లో, అంటే మట్టి ఆగే చిన్న తొట్టిలో, చేరిన మట్టిని మాత్రం వానాకాలమంతా ఎప్పటికప్పుడు తీస్తుండాలి. వానలకు ముందు డాబా ఊడిపిస్తే ఈ పని సగం తగ్గుతుంది, ఖర్చు కూడా ఏమంత ఉండదు. కార్లు కడిగిన నీళ్లు గుంతలోకి పోనివ్వకండి. డ్రైనేజీ వాసన వస్తుంటే మాత్రం ఎవరినీ లోపలికి దించొద్దు. విషవాయువు ఉంటే మనిషి ప్రాణం పోతుంది. ముందు డ్రైనేజీ నీళ్లు గుంతలోకి ఎక్కడి నుంచి లీకవుతున్నాయో పట్టుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటారా? వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే పదివేల లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు రెండు. అన్నీ భూమిలోకి చేరవనుకోండి, సగం చేరినా మన బోరుకు మేలే. మిగతాది రోడ్డు మీదికి, అక్కడి నుంచి నాలాలోకి పోతుంది. నాలా పొంగితే పల్లంలో ఉన్నవాళ్ల ఇళ్లు మునుగుతాయి.

పైపులు ఎటు పోతున్నాయో చూపించే డ్రాయింగ్ బిల్డర్ దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోండి. మూతలు ఎక్కడున్నాయో వాచ్‌మన్‌కు కూడా చూపించండి, కమిటీలు ఏటా మారతాయి కదా. ప్రశ్నలుంటే నడుస్తూ మాట్లాడుకుందాం, పార్కింగ్‌లోకి రండి. మన గుంత మూత తీయిస్తాను.